ప్రసూతి వార్డులో ఛార్జి నర్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



కూతురిని పురిటికై జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోయి, తల్లీబిడ్డలను సుఖముగా ఇంటికి తెచ్చుకొన్న పెద్దమ్మలు అరుగులమీద కూర్చుండి చెప్పుకొను మాట యొకటి గలదు: "మా పిల్ల అంత గోల పెడుతుంటే ఆ సిస్టరమ్మ ఒక్కసారి వచ్చి చూసి పోయింది. నోరెత్తకుండా పడుకున్న ఆ మూలమంచం పిల్ల దగ్గరికి మాత్రం పదిసార్లు వెళ్లింది. ఏం చుట్టరికమో!"

ఈ మాటలో నింద యున్నది. ఆ పెద్దమ్మ అబద్ధమాడలేదు. చూచినది చూచినట్లే చెప్పినది. ఐనను ఆ సిస్టరమ్మ ఆ రాత్రి చేసిన ఉద్యోగమంతయు ఈ నిందలోనే ఇమిడియున్నది. గోలపెట్టుచున్న పిల్లను విడిచి ఆమె మూలమంచముకడకు పదిమార్లు ఎందుకు పోయినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగముయొక్క ఉద్దేశము.

ప్రభుత్వాసుపత్రులలో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంటు అను మెట్లు ఎన్నడో ఏర్పడినవి. పేర్లు అప్పుడప్పుడు మారుచుండును. ఛార్జి యనునది మెట్టు కాదు, బాధ్యత. ఆ పూట వార్డు తాళపుచెవులు ఎవరి చేతికి వచ్చునో ఆమె ఛార్జి నర్సు. పగటివేళ హెడ్ నర్సే కావచ్చును. రాత్రివేళ అనుభవశాలియైన స్టాఫ్ నర్సు కావచ్చును. ఆమె క్రింద ఇద్దరో ముగ్గురో నర్సులు, శిక్షణలోనున్న బాలికలు, ఒక ఆయా, ఊడ్చువారు. ఆమెపైన వైద్యులు. వైద్యుడు ఒక రోగిని చూచి మరొక రోగికడకు పోవును. శస్త్రచికిత్స యున్నచో రెండుగంటలు కంటికి కనబడడు. వార్డును విడిచిపోవుటకు వీలులేనిది ఛార్జి నర్సు ఒక్కతెయే.

తెలుగువారికి అప్పగింత లనగా పెండ్లి జ్ఞప్తికి వచ్చును. వార్డులోను అప్పగింతలు గలవు, కంటతడి మాత్రముండదు. సాధారణముగా ఉదయము 8 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 8 గంటలకు డ్యూటీలు మారును. రాత్రి డ్యూటీ పండ్రెండు గంటలు. దిగిపోవు ఛార్జి నర్సు, వచ్చిన ఛార్జి నర్సును వెంటబెట్టుకొని మంచము మంచమునకు నడచును. ఈమెకు ఎన్నవ కానుపు, నొప్పులు ఎప్పుడు మొదలైనవి, ఉమ్మనీరు పోయినదా, పోయినచో ఏ రంగున నున్నది, బిడ్డ గుండెచప్పుడు ఎంత, ఈమెకు రక్తము తక్కువ, ఆమెకు వెనుకటి కానుపు ఆపరేషను, ఈ విధముగా చెప్పుకొనుచు పోవుదురు. పిదప అలమరు తెరచి మందులు లెక్కించుకొందురు. ఆక్సిజను సిలిండరులో ఎంత యున్నది, బిడ్డకు ఊపిరి ఊదు సంచి పనిచేయుచున్నదా, ఫ్రిజ్జులో ఆక్సిటోసిన్ చల్లగా నున్నదా అని చూచుకొందురు. ఈ ఆక్సిటోసిన్ 2 నుండి 8 డిగ్రీల చలువలో నుండవలసిన మందు. ఎండకాలమున కరెంటు పోయి ఫ్రిజ్జు వేడెక్కినచో సీసా సీసాగానే యుండును, లోపలి మందు బలము తగ్గును. అవసరపడిన క్షణమున అది పనిచేయకపోయినపుడు కాని ఆ సంగతి తెలియదు. కావున వచ్చీరాగానే ఫ్రిజ్జు తలుపు తీసిచూచు ఛార్జి నర్సును చూచి మంచినీళ్లకై వెదకుచున్నదని ఎవరును అనుకొనరాదు.

ఇట్టి అప్పగింత జరిగిన ఒక రాత్రిని సభవారు ఊహించుకొనవలయును. వార్డులో పదునొకండుమంది స్త్రీలు. కానుపుబల్లలు నాలుగు. డ్యూటీ డాక్టరు ఆపరేషను థియేటరులో నున్నది. పెద్ద డాక్టరు ఇంటివద్ద నున్నది, ఫోను చేసిన వచ్చును. 108 వాహనము మరొకరిని తీసికొని బయలుదేరినట్లు కబురు. 2005 ఆగస్టులో ఈ వాహనములు తెలుగునాట తిరుగనారంభించినప్పటినుండి ఎడ్లబండ్లపై, మంచములపై దారిలోనే ప్రాణములు పోవుట తగ్గినది. దానితోపాటు ఆసుపత్రి వాకిట రాత్రివేళల రద్దీయు పెరిగినది. ఉన్న చేతులు ఆరు జతలు. ఈ ఆరు జతలను పదునొకండుమందిపై ఎట్లు పంచవలెను? ఛార్జి నర్సు చేయు మొదటి పని, అతి కష్టమైన పనియు ఈ పంపకమే.

రెండవ మంచముపై గోలపెట్టుచున్న పిల్ల తొలిచూలుది. మూడు నిమిషముల కొకసారి నొప్పి వచ్చుచున్నది. ఛార్జి నర్సు వచ్చి పొట్టపై చేయివేసి నొప్పిని అంచనా కట్టినది. పూర్తిగా ఒక నిమిషము బిడ్డ గుండెచప్పుడు లెక్కించినది, 140 వచ్చినది. అది 110కి 160కి నడుమ నున్నచో బిడ్డ క్షేమముగా నున్నట్లు. రక్తపుపోటు సరిగా నున్నది. నాడి సరిగా నున్నది. గర్భద్వారము ఆరు సెంటీమీటర్లు తెరచుకొన్నది. ఈ పిల్ల అరచుచున్నదనగా ఊపిరి చక్కగా ఆడుచున్నది, స్పృహ యున్నది, ఒంట సత్తువ యున్నది. ఆమెకు బాధ లేదని దీని అర్థము కాదు. బాధ యున్నది, ఆపద లేదు. బాధకు కావలసినది చేయి పట్టుకొనువారు, నడుము నిమురువారు, ధైర్యము చెప్పువారు. అందులకై ఛార్జి నర్సు ఒక శిక్షణబాలికను ఆమెకడ నిలిపి, అరగంటకొకసారి గుండెచప్పుడు వినుమని చెప్పి ముందునకు సాగినది. పెద్దమ్మ చూచిన "ఒక్కసారి" ఇదియే.

మూలమంచము పిల్లకు ఇరువదియేండ్లు. ముప్పదియారవ వారము. ముఖము, కాళ్లు ఉబ్బియున్నవి. ఉదయమునుండి తలనొప్పి యని చెప్పినది. కండ్లముందు మెరుపులు కనబడుచున్నవట. ఇంటివారు ఎండదెబ్బ యనుకొని మజ్జిగ త్రాగించిరి. రక్తపుపోటు 160/110. మూత్రమున ప్రోటీను. ఈ పిల్ల గోలపెట్టదు, మందకొడిగా పడియుండును. ఈ స్థితి ముదిరినచో గుర్రపువాతము వచ్చును. చేతులు కాళ్లు కొట్టుకొని, నాలుక కరచుకొని, స్పృహ తప్పును. పూర్వము దయ్యము పట్టినదని వేపమండలు తెచ్చినది ఈ వ్యాధికే.

దీనికి మెగ్నీషియం సల్ఫేటు దివ్యౌషధము. పలుదేశముల ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన 1995లో వెలువడినప్పటినుండి మూర్ఛ మరల రాకుండ ఆపుటలో ఇతర ఔషధములకంటె ఇదియే మేలని స్థిరపడినది. మందు చవుక, అయితే దీనికి కాపలా కావలెను. ఒంట హెచ్చినచో మొదట మోకాటిపై కొట్టినపుడు కాలు ఎగురుట మానును. ఇంకను హెచ్చినచో ఊపిరి ఆగును. కాబట్టి నాలుగుగంటలకొకసారి ఇచ్చు ప్రతి మోతాదుకు ముందు మోకాటిని తట్టి చూడవలెను. నిమిషమునకు ఊపిరులు పదునారుకు తగ్గలేదని లెక్కించవలెను. గంటకు 30 మిల్లీలీటర్లకు తక్కువ కాకుండ మూత్రము వచ్చుచున్నదని కొలువవలెను. విరుగుడుగా కాల్షియం గ్లూకొనేటు తలాపున సిద్ధముగా నుంచవలెను. నడుమ రక్తపుపోటు, బిడ్డ గుండెచప్పుడు సరేసరి. ఒక రాత్రిలో ఇదంతయు చేయుటకు పదిమార్లు పోవుట ఎక్కువ కాదు, తక్కువ. ఆ సిస్టరమ్మకును మూలమంచమునకును గల చుట్టరిక మిది.

నొప్పులు పడు స్త్రీని కనిపెట్టుటకు ఒక పటము గలదు. పార్టోగ్రాఫ్ అందురు. అది పుట్టిన విధము వినదగినది. నేటి జింబాబ్వే దేశమును రొడీషియా అని పిలుచు దినములలో అచ్చటి పల్లెల ప్రసూతి కేంద్రములలో డాక్టరులు లేరు, మంత్రసాని నర్సులే యుండిరి. ఏ స్త్రీని తమవద్ద నుంచుకొనవలెను, ఏ స్త్రీని వేళకు పట్టణమునకు పంపవలెను అనునది వారి సమస్య. 1972లో ఫిల్పాట్, కాసిల్ అను వైద్యులు గళ్ల కాగితముపై రెండు ఏటవాలు గీతలు గీచిరి. మొదటిది హెచ్చరిక గీత. దానికి నాలుగుగంటలు కుడిప్రక్కన చర్య గీత. గర్భద్వారము తెరచుకొను వేగమును చుక్కలుగా పెట్టుచు పోయినచో, కానుపు సవ్యముగా నడచుచున్నంతకాలము చుక్కలు హెచ్చరిక గీతకు ఎడమనుండును. గీత దాటెనా, బండి కట్టవలెను. చదువు కొద్దిగానున్న నర్సుకు సైతము కానుపు కుంటుపడుట కంటికి కనబడునట్లు చేసిన ఉపాయమిది. కాలక్రమమున ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని లోకమంతట వ్యాపింపజేసినది. 2020లో ఆ సంస్థయే గంటకు ఒక సెంటీమీటరను నియమము అందరికిని అన్వయింపదని తెలిసికొని, ఐదు సెంటీమీటర్లనుండి మొదలుపెట్టు క్రొత్త పటము నిచ్చినది.

పటము మంచిదే. కాని కానుపు ముగిసిన పిదప బల్లవద్ద కూర్చుండి, తనిఖీవారికై, చుక్కలన్నియు గీతకు ఎడమప్రక్కనే చక్కగా పెట్టు అలవాటు పలుచోట్ల గలదు. అది పటము కాదు, ముగ్గు. ఛార్జి నర్సు గట్టిదైనచో మొదట అరికట్టవలసినది దీనినే. నర్సులు సోమరులై ఇట్లు చేయుదురనుట న్యాయము కాదు. ఒక నర్సు ఇద్దరు స్త్రీలను చూడవలసినచోట ఆరుగురిని చూచుచున్నపుడు వ్రాతపని వెనుకబడును. ఐనను ఎవరి పటము ఎప్పటికప్పుడు నింపక తప్పదో తేల్చి, ఆ స్త్రీకడ ఒక నర్సును కట్టివేయుట ఛార్జి నర్సు చేతిలో నున్న పనియే.

ఇక చేతులు కడుగుకొను సంగతి. ప్రసూతి వార్డు ద్వారముకడ నీళ్లతొట్టి యున్నది. పెద్ద డాక్టరైనను చేతులు కడుగుకొనక లోనికి వచ్చినచో ఆపు అధికారము ఛార్జి నర్సుకు గలదు. ఆ అధికారము ఎంత నెత్తుటితో సంపాదింపబడినదో తెలిసికొనుటకు నూటడెబ్బదియైదేండ్లకు పైగా వెనుకకు, యూరపులోని వియన్నా నగరమునకు పోవలెను.

అచ్చటి పెద్దాసుపత్రిలో ప్రసూతి విభాగములు రెండు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు నేర్చుకొనిరి, రెండవదానిలో మంత్రసానులు నేర్చుకొనిరి. ఒకనాడు వచ్చిన గర్భిణులను మొదటిదానిలో, మరునాడు వచ్చినవారిని రెండవదానిలో చేర్చుకొనుట ఆచారము. మొదటిదానిలో 1841 నుండి 1846 వరకు సగటున నూటికి పదిమంది బాలింతలు సూతికాజ్వరముతో మరణించిరి. రెండవదానిలో నూటికి నలుగురికి మించలేదు. ఈ సంగతి ఊరివారందరకు తెలియును. మొదటి విభాగపు వంతు దినమున వచ్చిన స్త్రీలు మోకరిల్లి, తమ్ము రెండవదానికి పంపుడని ప్రాధేయపడిరి. దారిలో కానుపైనవారు సైతము మొదటి విభాగములోనివారికంటె క్షేమముగా నుండిరి. సెమ్మెల్వైస్ అను యువ వైద్యునికి ఇది నిద్ర పట్టనీయలేదు. గాలియందు దోషమందురా, రెండు విభాగములకు గాలి ఒక్కటియే. 1847లో ఆయన మిత్రుడు కొల్లెచ్కా శవపరీక్షవేళ విద్యార్థి కత్తి గీచుకొని, బాలింతలకు వచ్చు జ్వరమువంటి జ్వరముతోనే మరణించెను. రహస్యము విడిపోయినది. విద్యార్థులు శవములను కోసి, అదే చేతులతో ప్రసూతిగదికి వచ్చుచుండిరి. మంత్రసానులు శవములను ముట్టుట లేదు. సెమ్మెల్వైస్ 1847 మే నెలలో ద్వారముకడ క్లోరిన్ సున్నపునీళ్లు పెట్టించెను. ఏప్రిల్‌లో నూటికి పదునెనిమిది యున్న మరణములు జూన్‌లో రెండునకు దిగినవి.

అంతటితో ఆయనకు పల్లకీ పట్టిరనుకొనరాదు. చేతులవలననే స్త్రీలు చచ్చుచున్నారనుట పెద్దలకు అవమానముగా తోచినది. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో మరణించెను. ఆ రెండవ విభాగమున పనిచేసిన మంత్రసానుల పేర్లు చరిత్రలో ఎవరును చెప్పుకొనరు. వారి వార్డు లెక్కలే లేకున్నచో పోల్చుటకేమియు లేక సెమ్మెల్వైస్ చీకటిలోనే యుండెడివాడు. ఛార్జి నర్సు బల్లమీది లావుపాటి రిజిస్టరును చూచి విసుగుకొనువారు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

తెలుగునాట స్త్రీలు పురుషవైద్యుని ముంగిటికి రాని దినములలో, 1883లో, ఆనా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరు చేరినది. 1898లో ఆమె ఆసుపత్రి తెరువబడినది. అంతకుముందును తరువాతను పల్లెలలో పురుళ్లు పోసినది మంత్రసానులే. వారిని నిందించుట నేడు తేలిక. వారి ఓర్పు, వారి చేతి నేర్పు గొప్పవి. వారికి తెలియనిది సూక్ష్మక్రిమి, వారివద్ద లేనిది రక్తము. నేటి కానుపు నర్సు ఆ మంత్రసాని వారసురాలే. గర్భిణి మోము చూచి కానుపు దగ్గరపడెనని చెప్పు విద్య పుస్తకములనుండి ఆమెకు రాలేదు.

మరల ఆ రాత్రికి రావలెను. ఒంటిగంటకు మూడవ మంచము స్త్రీకి ఆడపిల్ల పుట్టినది. మూడవ కానుపు. బిడ్డ బయటపడిన నిమిషములోపల తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చిరి. మాయ పూర్తిగా వచ్చినది. బిడ్డ ఏడ్చినది, పాలు పట్టినది. అత్త సంతోషముగా బయటకు పోయి ఫోనులో అందరకు చెప్పుచున్నది. బాలింత నిద్రించుచున్నది. "అలసిపోయింది, పడుకోనీయండి" అని ఆడుబిడ్డ అన్నది.

ఛార్జి నర్సు పడుకోనీయలేదు. ఆమె దుప్పటి ఎత్తినది. కానుపైన మొదటి రెండుగంటలు పావుగంటకొకసారి దుప్పటి ఎత్తి చూడవలెనని నియమము. బొడ్డువద్ద చేయివేసి నొక్కినచో గర్భసంచి రాతిబంతివలె గట్టిగా తగులవలెను. మెత్తని పిండివలె తగిలినది. అనగా సంచి ముడుచుకొనక, మాయ ఊడినచోట నెత్తుటి నాళములు నోళ్లు తెరచుకొని యున్నవి. పరుపుక్రింద తడి. నాడి 120. బాలింత నిద్రించుట లేదు, స్పృహ సన్నగిల్లుచున్నది.

కానుపులో అర లీటరు నెత్తురు పోయినచో హెచ్చరిక. అర లీటరనగా ఎంతో గుడ్డలపై చూచి చెప్పుట ఎంతటి అనుభవజ్ఞులకైనను కష్టము. కన్ను ఎప్పుడును తక్కువగానే అంచనా వేయును. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో నడచి 2023లో వెలువడిన పరిశోధనయందు, బాలింతక్రింద కొలతగీతలుగల సంచి పరచి నెత్తురును కొలిచి, హద్దు దాటగానే మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లము, సెలైను, పరీక్ష అన్నియు ఒక్కుమ్మడిగా చేయుటవలన తీవ్రరక్తస్రావము మొదలగు ఆపదలు నూటికి అరువది వంతులు తగ్గినవి. క్రొత్త మందేదియు కాదు. ఉన్న మందులనే, వరుసగా ఒకదాని ఫలము చూచి మరొకటి యనక, ఒక్కసారిగా ఇచ్చుట. కంటికి బదులు కొలతను నమ్ముట.

ఛార్జి నర్సు ఒకచేతితో గర్భసంచిని మర్దించుచు, గొంతు పెంచక, నలుగురికి నాలుగు పనులు చెప్పినది. నీవు సెలైను పెట్టుము, లావుసూది. నీవు ఆక్సిటోసిన్. నీవు రక్తము తీసి బ్లడ్ బ్యాంకునకు పరుగెత్తుము. ఆయమ్మా, అత్తగారిని బయట కూర్చుండబెట్టుము. ఐదవ పని ఆమెదే. పెద్ద డాక్టరును పిలువవలెను.

ఈ పిలుపు చిన్న విషయము కాదు. ఛార్జి నర్సుకు కత్తి పట్టు అధికారము లేదు. రెండవజాము దాటిన పిదప నిద్రలేపి పిలిపించు అధికారము మాత్రమే గలదు. పిలిచి ఏమియు లేకపోయినచో "ఇంతమాత్రానికే పిలిచావా" అను మాట పడవలెను. అట్టి మాట రెండుమార్లు పడిన నర్సు మూడవమారు పది నిమిషములు ఆగి చూతమనుకొనును. ఆ పది నిమిషములలో ప్రాణము పోవును. కావున మంచి ఛార్జి నర్సు మాటపడుటకు సిద్ధపడియే ఫోను తీయును. అయితే భయమును కాక అంకెలను చెప్పును. "డాక్టరుగారూ, మూడో మంచం. కానుపై నలభై నిమిషాలు. నాడి 120, బి.పి. 90/60, గర్భసంచి మెత్తగా ఉంది. ఆక్సిటోసిన్ ఎక్కుతోంది, ట్రానెక్సామిక్ ఇచ్చాం, రక్తానికి పంపాం. మీరు రావాలి." ఈ చివరి రెండు మాటలు తప్పక చెప్పవలెను. "మీ ఇష్టం" అని ముగించినచో రాకపోవుటకు సందు దొరకును.

డాక్టరు వచ్చినది. నెత్తురు ఆగినది. ప్రతిరాత్రియు ఇట్లు ముగియదు. 2018–20 నాటి ప్రభుత్వ లెక్కలలో దేశమున లక్ష సజీవ జననములకు 97 మంది తల్లులు మరణించిరి. ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. మునుపటికంటె ఎంతో తగ్గిన అంకెలే. కాని వార్డు రిజిస్టరులో అది ఒక పేరు, ఒక వయస్సు, ఒక ఊరు. ఆ వరుసను వ్రాయు చేయి ఛార్జి నర్సుదే.

ఇంకొక కష్టము గలదు. అది వ్యాధివలన కాక ముహూర్తమువలన వచ్చినది. పంచాంగము చూపి "ఉదయం ఆరున్నరకు కోసి తీయండి" అను చుట్టములు నేడు తక్కువ కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60 కానుపులు, ఆంధ్రప్రదేశమున 42 కానుపులు ఆపరేషనుతో జరిగినవి. దేశపు సగటు 21 మాత్రమే. తెలంగాణమున ప్రయివేటు ఆసుపత్రులలో నూటికి 81. ఇంతమంది తెలుగు స్త్రీలకు సహజముగా కనుశక్తి లేదని నమ్ముట ఎట్లు? వేళకు చేసిన ఆపరేషను ప్రాణము నిలుపును. అక్కరలేనిది మరుసటి కానుపునకు చిక్కు తెచ్చిపెట్టును. గీతకు ఎడమప్రక్కనే నడచుచున్న కానుపును తొందరపెట్టక, తల్లికి ధైర్యము చెప్పుచు, చుట్టములను నిలువరించుచు ఎనిమిదిగంటలు కాచుకొని కూర్చుండుట కత్తిపనికంటె కష్టమైన పని. 2018లో కేంద్రప్రభుత్వము కానుపు నర్సులకు ప్రత్యేకశిక్షణ నిచ్చు మార్గదర్శకములు ప్రకటించుట ఈ ఓర్పు విద్యను మరల నిలుపుటకే.

ఇప్పుడు ఆ పెద్దమ్మ నిందలో మిగిలిన సగము. సిస్టరమ్మ కసురుకొన్నదనియు, కొందరు చేయి చేసికొన్నారనియు పల్లెలలో చెప్పుకొనుట గలదు. అది కట్టుకథ కాదు. నొప్పులు పడు స్త్రీని తిట్టుట, కొట్టుట, అందరి కండ్లముందు బట్టలు తొలగించుట పలుదేశముల ఆసుపత్రులలో గలవని 2014లో ప్రపంచ ఆరోగ్యసంస్థయే ఒప్పుకొని ఖండించినది. పనిభారమును దీనికి సాకుగా చెప్పుట తగదు. పదునొకండుమందిని ఆరు జతల చేతులతో చూచుట కష్టమే; కాని కసురుటకు పట్టు కాలములోనే ఓదార్చవచ్చును. వార్డులో మాటతీరు ఛార్జి నర్సునుబట్టి వచ్చును. ఆమె ఒకమారు "ఏమ్మా, భయపడకు" అన్నచో ఆ పూట శిక్షణబాలికలందరును అట్లే అందురు. ఆమె ఒకమారు ఈసడించినచో ఆయా వరకు అందరు ఈసడింతురు. కానుపుగదిలో తల్లినో అక్కనో తోడుంచుకొనవచ్చునని 2016లోనే కేంద్రప్రభుత్వము అనుమతించినది. తోడువచ్చిన ఆ ఆడుది నడుము నిమురుచున్నచో ఛార్జి నర్సుకు మరొక జత చేతులు దొరికినట్లే.

గ్రామమునుండి ఆమెకు కావలసిన సహాయమును ఉన్నది. 108లో దిగిన స్త్రీతో నలుగురు చుట్టములు వత్తురు. తల్లీబిడ్డల కార్డు మాత్రము ఇంటిలో దూలముమీద నుండును. ఆ కార్డులో రక్తపు గ్రూపు, నెలనెల రక్తపుపోటు, వెనుకటి కానుపు సంగతి, అన్నియు వ్రాసియున్నవి. అది లేనిచో ఛార్జి నర్సు తొలి అరగంట ప్రశ్నలతో గడపవలెను. నొప్పు లెప్పుడు మొదలైనవని అడిగిన "పొద్దున్నించీ" అందురు. ఏ పొద్దో తెలియదు. ఈ గ్రంథాలయమునకు వచ్చి పత్రికలు చదువు ఆడుపిల్లలు తమ వీథిలోని గర్భిణి కార్డును ఒకమారు చదివి, రక్తపుపోటు అంకె పైకెక్కుచున్నదా, పాదములు ఉబ్బినవా, తలనొప్పి అనుచున్నదా అని చూచి ఆశా కార్యకర్తకు చెప్పినచో, మూలమంచము పిల్ల మూర్ఛ వచ్చుటకు ముందు రోజున ఆసుపత్రి చేరును. ఆమెకు మజ్జిగ త్రాగించిన ఇంటివారు చెడ్డవారు కారు. కార్డుమీది అంకె వారికి ఎవరును చదివి చెప్పలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి రెండవ మంచము పిల్లకు మగబిడ్డ కలిగెను. ఇంతసేపు అరచిన ఆ పిల్ల ఇప్పుడు నవ్వుచున్నది. అత్తవారు మిఠాయి తెచ్చి పంచిరి. సిస్టరమ్మకు ఇయ్యబోగా ఆమె బల్లమీద పెట్టుమని చేయి చూపినది. ఏడింటికి మూలమంచము పిల్ల మోకాటిని మరల తట్టినది. కాలు ఎగిరినది. ఊపిరులు పదునెనిమిది. రక్తపుపోటు 140/90. పిల్ల కండ్లు తెరచి, "అక్కా, తలనొప్పి తగ్గింది" అన్నది. రాత్రి వచ్చినది మొదలు ఆమె ఆడిన మొదటి మాట అదియే.

ఎనిమిదింటికి పగటి ఛార్జి నర్సు వచ్చినది. అప్పగింతలు మొదలైనవి. గోడగడియారముక్రింద ఒక క్రొత్త గర్భిణి గట్టిగా అరచుచున్నది. ఇద్దరు నర్సులును ఆమెవైపు ఒక్కమారు చూచి, ఒక శిక్షణబాలికను అచ్చట నిలిపి, మూలమంచమువైపు నడచిరి.